పాసంగం చూశాకే తూకం

మన తెలుగు బడి పిల్లల్లో పదహారేళ్ళు నిండి డ్రైవింగ్ లైసెన్సు చేతికొచ్చినవాళ్ళు ఏటేటా పెరుగుతున్నారు. వాళ్ళలో కొందరికి కారు తోలితే సరిపోదు, బానెట్ ఎత్తి లోపల చెయ్యి పెట్టాలని ఉంటుంది. మన ఇళ్ళలో దానికి దొరికే జవాబు తెలిసిందే: "ముందు ఎస్ఏటీ సంగతి చూడు, కారు సంగతి మెకానిక్ చూసుకుంటాడు." ఈ జవాబు సరైనది కాదని నా అభిప్రాయం. అలాగని పిల్లలు అడిగిందల్లా చెయ్యనివ్వమనీ నేను అనడం లేదు.

ఉదాహరణకి ఇంజన్‌లోకి వెళ్ళే గాలిని కొలిచే సెన్సర్ తీసుకుందాం. పిల్లలు దాన్ని "మాఫ్" అంటారు (రుణమాఫీలోని మాఫీ కాదు, ఇది దేన్నీ క్షమించదు). అది ఎయిర్ ఫిల్టరు దాటాక గొట్టంలో ఉంటుంది. కొన్ని కార్లలో అసలు ఉండదు, అవి వేరే పద్ధతిలో లెక్క వేసుకుంటాయి. సెన్సర్ లోపల సన్నని తీగ లాంటిది వేడిగా ఉంటుంది. వేడి కాఫీని ఊదితే చల్లారినట్టు, లోపలికి పోయే గాలి దాన్ని చల్లారుస్తుంది. ఆ వేడి నిలబెట్టడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి, సెకనుకి ఎన్ని గ్రాముల గాలి వెళ్ళిందో కంప్యూటరు తెలుసుకుంటుంది. గ్రాము పెట్రోలుకి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. పది శాతం ఇథనాల్ కలిసిన ఇక్కడి పెట్రోలుకైతే 14.1 చాలు. గాలి లెక్క తప్పితే పెట్రోలు లెక్కా తప్పుతుంది.

సెన్సర్ ఇచ్చే ఇన్ని వోల్టులకి ఇన్ని గ్రాములని చెప్పే పట్టిక ఒకటి కంప్యూటరులో ఉంటుంది. కుర్రాళ్ళు లావుపాటి గొట్టం బిగించారనుకోండి. అదే గాలి అందులో నెమ్మదిగా నడుస్తుంది, సెన్సర్ తక్కువ చూపిస్తుంది. అప్పుడు పట్టిక సరిచెయ్యాలంటారు. మన ఊరి కిరాణా కొట్టులో త్రాసుకి పాసంగం చూడడం లాంటిదే ఇది.

ఆ పని ఎలా చేస్తారు? అమెరికాలో 1996 మోడల్ నుంచీ కార్లకి డ్యాష్‌బోర్డు కింద ఓబీడీ ప్లగ్గు ఉంది. చిన్న స్కానర్ పెడితే "ఫ్యూయల్ ట్రిమ్" అనే అంకె కనిపిస్తుంది. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్నిబట్టి కంప్యూటరు పెట్రోలు ఎంత శాతం కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో చెప్పే అంకె అది. ఒకచోట ప్లస్ 8 వస్తే పట్టికలో అక్కడ 8 శాతం పెంచడం, అంతే. లాప్‌టాప్ ఉన్న కుర్రాడికి మధ్యాహ్నం పని. చిక్కంతా అది అంత తేలిక కావడంలోనే ఉంది.

ఎందుకంటే ప్లస్ రావడానికి కారణం పట్టికే కానక్కర్లేదు. సెన్సర్ దాటాక ఎక్కడో రబ్బరు గొట్టం చిట్లి, లెక్కలోకి రాని గాలి దూరుతూ ఉండొచ్చు. అప్పుడు ఐడిల్‌లో అంకె బాగా ఎక్కువగా ఉండి, 2500 ఆర్పీఎం దగ్గర తగ్గుతుంది. అదే ఇంజన్ మీద బరువు పడేకొద్దీ అంకె పెరిగితే సెన్సర్‌కి మురికి పట్టి ఉండొచ్చు, పెట్రోలు పంపు నీరసించి ఉండొచ్చు. ఇవేవీ చూడకుండా పట్టిక మారిస్తే అంకె సున్నాకి వస్తుంది, చిల్లు మాత్రం అలాగే ఉంటుంది. త్రాసు పళ్ళెం కింద చింతపండు అంటించిన వ్యాపారికీ మనకీ అప్పుడు తేడా ఏముంది?

పైగా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఈ అంకె మీద ఆధారపడడానికి లేదు. అక్కడ మామూలు ఆక్సిజన్ సెన్సర్ చాలదు, వైడ్‌బ్యాండ్ కావాలి. పెట్రోలు చాలకపోతే ఇంజన్ కొట్టుకుని పిస్టన్లే పోతాయి. చట్టం కూడా ఉంది. కాలుష్యాన్ని అదుపు చేసే ఏర్పాట్లను చెడగొట్టడం క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం చట్టవిరుద్ధం. కాలిఫోర్నియాలో 2021 జులై 19 నుంచి స్మాగ్ పరీక్షలో కంప్యూటరు సాఫ్ట్‌వేరు కూడా చూస్తున్నారు. అనుమతి లేని మార్పు కనబడితే కారు ఫెయిలే.

అందుకని రోజూ రోడ్డెక్కే కారులో పట్టిక తిరగరాయనివ్వకండి. చదవడం మాత్రం తప్పకుండా నేర్పించండి. "ఉట్టి చదవడంలో మజా ఏముంది?" అని పిల్లలు మూతి ముడుస్తారు. చిట్లిన గొట్టాన్ని తనే పట్టుకుని, కొత్తది తనే వేసి, అంకె దిగడం చూసినవాడు ఆ మాట అనడు.

ఇదంతా తెలుగులోనే చెయ్యండి. మన పిల్లలకి పండగల తెలుగు వస్తోంది, పద్యాల తెలుగు వస్తోంది, తర్కించే తెలుగే రావడం లేదు. "అక్కడ తగ్గితే ఏమైనట్టు? తగ్గకపోతే?" అని బానెట్ దగ్గర నిలబడి అడిగితే "అయితే", "కాబట్టి", "లేకపోతే" వాటంతటవే నోట్లోకి వస్తాయి. సెన్సర్, ట్రిమ్ అన్న మాటలు ఇంగ్లీషువే ఉండనివ్వండి, ఫరవాలేదు. నాన్నకి కార్ల సంగతి తెలియకపోతే అమ్మని అడగండి, మన బడిలో తెలిసిన అమ్మలు తక్కువేం కాదు.

మొదలుపెట్టడానికి సెన్సర్ శుభ్రం చెయ్యడం మంచి పని. ఇంజన్ ఆపి, చల్లారాక ప్లగ్గు తియ్యాలి. ఆ సెన్సర్ కోసమే అమ్మే స్ప్రే వాడాలి, బ్రేకు క్లీనరు పనికిరాదు. తీగని వేలితోగానీ దూదితోగానీ ముట్టుకోకూడదు. పూర్తిగా ఆరాకే బిగించాలి. మళ్ళీ ఇంజన్ స్టార్టు చేసేముందు కారుని గరాజు బయటికి తోసుకోండి.