లెక్క అడిగితే అభిషేకం పోతుందా?



ఈ వారం ధ్యానం కొంచెం కఠినంగా ఉంటుంది. చదివి నొచ్చుకునేవారు ఉండవచ్చు. అందరికంటే ముందు నొచ్చుకున్నది నేనే గనుక ధైర్యం చేసి రాస్తున్నాను.

మన ప్రాంతపు సంఘాల్లో ఒక మాట తరచుగా వినిపిస్తోంది. ఎవరైనా ఒక సహోదరుడు లేచి, "అయ్యగారూ, స్లాబు కోసం వేసుకున్న చందా ఎంతయింది?" అని అడిగితే చాలు, పక్కనుంచి ఇంకొకరు అందుకుంటారు: "దైవజనుణ్ణి ప్రశ్నించకూడదు. అభిషిక్తుణ్ణి ముట్టుకుంటే శాపం తగులుతుంది." అడిగినవాడు తల దించుకుని కూర్చుంటాడు. పై ఆదివారానికి అతనికి "ఆత్మీయత లేనివాడు" అని పేరు పడుతుంది. కొన్నాళ్ళకు గుడికి రావడమే మానేస్తాడు. లెక్క మాత్రం బయటికి రాదు.

నేనూ కాపరినే. ఈ మాట వల్ల లాభపడేది నాలాంటివాళ్ళమే. కాబట్టి దీన్ని ఖండించవలసిన బాధ్యత కూడా మా మీదే ఉంది. నాయకుడికి పునాది అతని గొంతు కాదు, అతని వెనక నడిచే జనం కాదు, తన అభిషేకం గురించి తాను చెప్పుకునే గొప్పలు కాదు. యథార్థత ఒక్కటే పునాది. ఎవరూ చూడని చోట అతని చెయ్యి ఎక్కడ ఉందన్నదే అసలు సంగతి. ఆ పునాది లేనప్పుడు మిగతావన్నీ ఇసుక మీద లేపిన గోడలే.

మొదటి సమూయేలు గ్రంథం 12వ అధ్యాయం తెరవండి. గిల్గాలులో ఇశ్రాయేలీయులందరూ కూడి ఉన్నారు. సమూయేలు తల నెరిసిపోయింది. చిన్నతనం నుంచి ఆ దినం వరకు వాళ్ళ మధ్యనే బ్రతికాడు. వాళ్ళకు కొత్త రాజు వచ్చాడు. అలాంటి రోజున మనమైతే ఏం చేస్తాం? వేదిక కడతాం, శాలువా కప్పుతాం, గజమాల వేస్తాం, చేసిన సేవంతా మైకులో చదివిస్తాం. సమూయేలు ఏం చేశాడు? లేచి నిలబడి, తన మీద సాక్ష్యం చెప్పమని ప్రజలనే అడిగాడు. ఎవరి ఎద్దయినా, ఎవరి గాడిదైనా పట్టుకున్నానా, ఎవరినైనా మోసం చేశానా, బాధ పెట్టానా, లంచం పుచ్చుకుని కళ్ళు మూసుకున్నానా చెప్పండి, అలా తీసుకుని ఉంటే తిరిగి ఇచ్చేస్తాను అన్నాడు. అలాంటిదేమీ లేదని జనమంతా ఒప్పుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. లెక్క చెప్పమని సమూయేలును ఎవరూ నిలదీయలేదు. తానే అడిగించుకున్నాడు. పైగా దేవుణ్ణి, దేవుని అభిషిక్తుణ్ణి సాక్షులుగా పెట్టుకున్నాడు. ఆ అభిషిక్తుడు ఎవరు? కొత్త రాజు సౌలు. అంటే ఆ రోజు గిల్గాలులో అభిషిక్తుడు లెక్కకు అడ్డు నిలబడలేదు, లెక్కకు సాక్షిగా నిలబడ్డాడు. మనం దీన్ని పూర్తిగా తలకిందులు చేసుకున్నాం.

మరి అభిషిక్తుణ్ణి ముట్టకూడదన్న మాట బైబిల్లో లేదా అంటారు. ఉంది, 105వ కీర్తనలో ఉంది. దాని చుట్టూ ఉన్న వచనాలు కూడా చదవండి. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు కొద్దిమందిగా, పరదేశులుగా దేశం తర్వాత దేశం తిరుగుతున్న రోజులు అవి. బలవంతులైన రాజులు ఈ దిక్కులేనివాళ్ళకు హాని చేయకుండా దేవుడు అడ్డం నిలిచిన సంగతి అక్కడ ఉంది. బలహీనుణ్ణి బలవంతుడి నుంచి కాపాడిన వాక్యం అది. ఈనాడు దాన్ని మైకు చేతిలో ఉన్నవాడు, కూలి డబ్బు కానుక వేసిన విధవరాలి మీద ప్రయోగిస్తున్నాడు. వాక్యానికి ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

దావీదు సౌలు మీద చెయ్యి ఎత్తలేదు గదా అని ఇంకొందరు అంటారు. నిజమే, చెయ్యి ఎత్తలేదు. నోరు మాత్రం మూసుకోలేదు. ఏన్గెదీ గుహలోనుంచి బయటికి వచ్చి, కోసిన వస్త్రపు చెంగు చేతిలో పట్టుకుని, సౌలు చేస్తున్నది అన్యాయమని అతని ముఖం మీదే చెప్పాడు. చెయ్యి ఎత్తకపోవడం వేరు, నిజం అడగకపోవడం వేరు. మొదటిదానికి దావీదు మనకు మాదిరి. రెండోదానికి అతణ్ణి వాడుకోవద్దు.

ఇంకో వాదన ఉంది. "ఆయన సొంత జీవితం ఎలా ఉంటే మనకెందుకు? వాక్యం చెబితే ఒళ్ళు పులకరిస్తుంది, ప్రార్థన చేస్తే రోగాలు పోతున్నాయి." యూదా ఇస్కరియోతును గుర్తు చేసుకోండి. యేసు ప్రభువు పన్నెండుమందికి అధికారమిచ్చి పంపినప్పుడు అతనూ వాళ్ళలో ఒకడే. సువార్త చెప్పడానికి వెళ్ళాడు. అదే మనిషి దగ్గర డబ్బు సంచి ఉండేది, అందులో వేసినది దొంగిలించేవాడని యోహాను రాశాడు. వరం ఉండటం యథార్థతకు రుజువైతే యూదా కూడా యథార్థవంతుడే అనాలి.

సమూయేలు కథలో నొప్పి పుట్టించే భాగం కూడా ఉంది, దాన్ని దాటవేయకూడదు. ముసలితనంలో ఆయన తన కుమారులు యోవేలును, అబీయాను న్యాయాధిపతులుగా నియమించాడు. వాళ్ళు బెయేర్షెబాలో లంచాలు తిని న్యాయాన్ని తారుమారు చేశారు. తండ్రి చేతులు శుభ్రంగా ఉన్నాయి గనుక కొడుకుల చేతులూ శుభ్రంగానే ఉంటాయని అనుకోవడానికి వీల్లేదు. ఈ మాట మన సంఘాలకు తగులుతుంది. సంఘపు స్థలం కాపరి పేరున రిజిస్ట్రేషను, కానుకల ఫోన్‌పే స్కానర్ కాపరి సొంత ఖాతాకు, కాపరి తర్వాత కుర్చీ కాపరి కొడుకుకు. పొలం గట్టులాగా పరిచర్యను పంచుకుంటున్నాం. యథార్థత ఆస్తి కాదు, వీలునామాలో రాసి ఇవ్వడానికి. ఎవరికి వారు సంపాదించుకోవాలి, ప్రతి ఉదయం మళ్ళీ సంపాదించుకోవాలి.

ఇంతవరకు ఇతరుల గురించి రాశాను. ఇప్పుడు నా సంగతి.

ఏడేళ్ళ క్రితం మన మందిరానికి రేకులు తీసి స్లాబు వేయాలని చందా పోగు చేశాము. అందులో చాలా భాగం నాట్లకు, కోతలకు వెళ్ళిన ఆడవాళ్ళ కూలిలోనుంచి వచ్చిందే. ఆ డబ్బు మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉండేది. అదే సమయంలో మా అమ్మాయి నర్సింగు ఫీజుకు గడువు ముంచుకొచ్చింది. అందులోనుంచి 22,000 రూపాయలు తీశాను. నెల తిరిగేలోగా పెట్టేద్దామనుకున్నాను. మూడు నెలలు పట్టింది. రూపాయి తక్కువ లేకుండా పెట్టేశాను. ఎవరికీ తెలియదు. దొంగతనం కాదు, సర్దుబాటు అని నాకు నేనే పేరు పెట్టుకున్నాను.

ఆ మూడు నెలల మధ్యలోనే పొదుపు సంఘం ఆడవాళ్ళు తొమ్మిదిమంది నా దగ్గరికి వచ్చారు. వాళ్ళ లీడరు మన సంఘ సభ్యురాలే. నెలనెలా వాళ్ళ దగ్గర వాయిదాలు వసూలు చేసి బ్యాంకులో కట్టలేదు. "అయ్యగారూ, మీరు అడిగితే చెబుతుంది, అడగండి" అన్నారు. నేను అడగలేదు. క్షమాపణ గురించి చిన్న ప్రసంగం చేశాను, ప్రార్థన చేశాను, పంపించేశాను. అయ్యగారిది ఎంత మెత్తని మనసు అని కొందరు మెచ్చుకున్నారు కూడా. అది మెత్తదనం కాదు ప్రియులారా. నా పెట్టెలో నాది కాని డబ్బుకు ఖాళీ ఉంది గనుక నా నోరు పెగల్లేదు. ఆ తొమ్మిదిమందీ అవే వాయిదాలు రెండోసారి కట్టుకున్నారు.

నాయకుడిలో యథార్థత పోతే ఏం జరుగుతుందో నేను అప్పుడు నేర్చుకున్నాను. అతను వెంటనే దుర్మార్గుడు కాడు. ముందు మౌనంగా తయారవుతాడు. తప్పు చేసినవాళ్ళ మీద జాలి చూపిస్తాడు, నష్టపోయినవాళ్ళకు ఓర్పు నేర్పిస్తాడు. పైకి అది ప్రేమలాగా కనిపిస్తుంది. దాని ఖర్చు మాత్రం ఎప్పుడూ బీదవాళ్ళే కడతారు. ఇది గుడికే కాదు, పంచాయతీకి, బడికి, పొదుపు సంఘానికి, ఇంటి పెద్దకు కూడా వర్తిస్తుంది.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక ఈ సంగతంతా సంఘం ముందు ఒప్పుకున్నాను. కొందరు ఏడ్చారు. కొందరు పోనీలెండి అన్నారు. వెనక వరసలో కూర్చున్న ఒక అవ్వ మాత్రం అడిగింది: "డబ్బు తిరిగి పెట్టేశారు, బాగానే ఉంది అయ్యగారూ. మరి ఆ ఆడోళ్ళ సంగతేంటి?"

నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను, చెప్పాను. ఆ ఒక్క ప్రశ్న ముందు అవన్నీ తేలిపోయాయి. సోమవారం సాయంత్రం నేనూ మా ఇంటావిడా ఆ ఇళ్ళకు వెళ్ళాము. ఇద్దరు ఊరొదిలి హైదరాబాదు పనులకు వెళ్ళిపోయారు. ఒకామె గుమ్మంలోనే నిలబడి, "ఇప్పుడెందుకు వచ్చారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పటి లీడరుతోనూ మాట్లాడాను. ఆమెను తీర్పు తీర్చే అర్హత నేను ఏడేళ్ళ క్రితమే పోగొట్టుకున్నాను. ఆ సొమ్ము వాళ్ళకు తిరిగి చేర్చడానికి ఆమే నేనూ కలిసి మార్గం చూస్తున్నాము.

"దావీదు అంతటివాడు పడలేదా, లోకంలో పరిపూర్ణుడెవరు?" అనే మాటతో నన్ను ఓదార్చాలని చూడకండి. దావీదు పడ్డాడు. నాతాను వచ్చి ముఖం మీద చెప్పినప్పుడు అతణ్ణి చెరసాలలో వేయలేదు, శపించలేదు. పాపం చేశానని ఒప్పుకున్నాడు. యథార్థత అంటే ఎన్నడూ పడకపోవడం కాదు, పడినచోటును పూలతో కప్పకపోవడం. దావీదు పాపాన్ని చూపించి తప్పించుకునేవాళ్ళు దావీదు ఒప్పుకోలును కూడా చూపించాలి.

ఇక మీతో ఒక మాట. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు పెద్దలు. నిజమే. కానీ ఆవును చేలోకి తోలినవాళ్ళు ఎవరు? ఎలక్షనులప్పుడు ఓటుకు రెండు వేలు పుచ్చుకుని, ఐదేళ్ళు సర్పంచి తినేశాడని తిడితే న్యాయమా? నాయకుడు మన మధ్యనుంచి లేచినవాడే. మన ఇంటి తూకం సరిగా లేకుండా ఊరి తూకం సరిగా ఉండదు. 1912లో దోర్నకల్‌కు బిషప్పు అయిన అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. ఆయన పరిచర్య ఎక్కువగా మాల మాదిగ పల్లెల్లో కూలీల మధ్య జరిగింది. ఆ కూలీల బ్రతుకులో వచ్చిన మార్పును చూసి పై కులాలవారు కూడా ఆ రోజుల్లో సంఘాల వైపు తిరిగారు. వాళ్ళకు వేదికలు లేవు, మైకులు లేవు. ఉన్నది మారిన బ్రతుకే.

దేవుని వాక్యం మనకు మార్గం చూపించింది. నెహెమ్యా 12 సంవత్సరాలు అధికారిగా ఉండి, తనకు రావలసిన అధికారి భత్యం ముట్టలేదు. జనం మీద భారం ఎక్కువగా ఉందని తన హక్కునే వదులుకున్నాడు. పౌలు యెరూషలేము పరిశుద్ధుల కోసం పోగైన చందాను ఒక్కడే మోసుకుపోలేదు. తీతుతోపాటు మరి ఇద్దరు సహోదరులను ఆ పనికి పంపాడు, వారిలో ఒకరిని సంఘాలే ఏర్పరచాయి. దేవుని ముందే కాదు, మనుష్యుల ముందు కూడా పని సవ్యంగా ఉండాలన్నది ఆయన పట్టుదల. అంత గొప్ప అపొస్తలుడికి లేని ఇబ్బంది మనకెందుకు?

కాబట్టి ఈ ఆదివారం నుంచి మన సంఘంలో ఇలా జరుగుతుంది. కానుకల పెట్టె అందరి ముందే తెరుస్తాము. ఇద్దరు లెక్కిస్తారు, అందులో ఒకరు ఆడవాళ్ళు. నేను లెక్కపెట్టను. పుస్తకంలో రాసి, ఆ మొత్తం అక్కడే చదివి వినిపిస్తారు. నా ఖాతాకు వెళ్ళే స్కానర్ తీసేశాము. సంఘం పేరున ఖాతా తెరుస్తున్నాము, ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు బయటికి వస్తుంది. ట్రంకుపెట్టె మా ఇంట్లోనుంచి వెళ్ళిపోయింది. ఎవరైనా, ఏ రోజైనా పుస్తకం చూపించమని అడగవచ్చు. అడిగినవాళ్ళను ఆత్మీయత లేనివాళ్ళని అంటే, అన్నవాళ్ళకు జవాబు నేను చెబుతాను.

మీరు వేరే సంఘాల్లో ఉంటే మీ కాపరిని గౌరవంగా, ప్రేమగా అడగండి. గొడవ కోసం అడగకండి. ఆయన యథార్థవంతుడైతే సంతోషంగా పుస్తకం తెస్తాడు. కోపం తెచ్చుకుంటే ఆయన కోసం ప్రార్థన చేయండి, అడగడం మాత్రం మానకండి. ఏడేళ్ళ క్రితం నన్ను ఎవరైనా అలా అడిగి ఉంటే ఆ తొమ్మిదిమంది రెండోసారి వాయిదాలు కట్టేవారు కాదు.

ప్రార్థన చేద్దాం. పరిశుద్ధుడవైన తండ్రీ, మా హృదయాలను నీవు ఎరుగుదువు. చీకటిలో మా చేతులు ఏమి చేశాయో నీకు మరుగు కాదు. మా నోళ్ళు మూయించిన ప్రతి దాపరికాన్ని బయటికి తీయుము. మా మౌనం వల్ల నష్టపోయినవారికి న్యాయం చేయుము, ఆ న్యాయంలో మా వంతు మేము చెల్లించునట్లు మాకు ధైర్యమిమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

ఆదివారం ఉదయం మందిరంలో కలుసుకుందాం. పుస్తకం బల్ల మీదే ఉంటుంది.