ఫ్యాక్టరీ మూసినా ఆగని బండ్లు



ఇంగ్లండ్‌లోని అబింగ్డన్‌లో ఎం.జి. కార్ల ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. 1962 నుంచి అప్పటిదాకా ఒక్క ఎం.జి.బి. కార్లే ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిలో ఎన్నో నేటికీ రోడ్డెక్కుతున్నాయంటే ఆ పుణ్యం యజమానుల సంఘాలదే. 1930లో పుట్టిన ఎం.జి. కార్ క్లబ్బుకు ప్రాంతాలవారీగా శాఖలున్నాయి. ఈ సంచికను అలాంటి శాఖలకే కేటాయించాం.

ఇప్పుడే ఎందుకంటే, ఇంజను చప్పుడు విని జంట ఎస్‌.యు. కార్బ్యురేటర్లను సరిచేయగల తరానికి వయసు మళ్లింది. పైగా 2021లో బ్రిటన్ బంకుల్లోకి ఇథనాల్ పాలు 10 శాతం దాకా పెంచిన పెట్రోలు వచ్చింది. పాత రబ్బరు గొట్టాలకు, సీళ్లకు అది పడదు. మన బంకుల దగ్గరా ఇప్పుడు ఇదే చర్చ. ఏ గొట్టం మార్చాలో మాన్యువల్ చెప్పదు, అనుభవమున్న మనిషి పక్కన నిలబడి చూపించాలి. ఈ సంచికలో ఏ పుట తిప్పినా అలా చూపించినవాళ్లే, చూసి నేర్చుకున్నవాళ్లే కనిపిస్తారు.

వేలంపాటల ధరలను ఈసారి కావాలనే పక్కనపెట్టాం. బండి విలువ కన్నా దాన్ని బాగుచేసే విద్య చేతులు మారడమే మాకు ముఖ్యమనిపించింది. మీ షెడ్డులోనూ పాత బండి ఉంటే, దాన్ని బాగుచేయడం మీకు నేర్పిన మెకానిక్ గురించి మాకు రాయండి.