కార్డు మీద పెద్దదైన పిల్ల

కాణిపాకం వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధమాడాలంటే మన జనానికి జంకు. అప్పు తీర్చేశానని ఒకడు, ఇక సారా ముట్టనని ఇంకొకడు తడిబట్టలతో నిలబడి ప్రమాణం చేస్తారు. అదే జనం, ఇంట్లో 16 ఏళ్ల పిల్ల కడుపుతో ఉంటే తల్లీబిడ్డల కార్డు మీద 19 అని రాయిస్తారు. ఆ అంకె రాయించడానికి ఎవరికీ జంకు లేదు.

నాకు కడుపు మండేది ఇక్కడే. డాక్టరు ముందు తెలుసుకోవలసిన ప్రమాదం ఆ పిల్ల వయసే. ఆమె ఒళ్లింకా ఎదుగుతోంది. తిన్న నాలుగు ముద్దల కోసం ఆమే, కడుపులోని బిడ్డా పోటీ పడాలి. రక్తం చాలకపోవడం, నెలలు నిండకుండానే కాన్పు, పల్లెల్లో గుర్రపువాతం అనే ఆ మూర్ఛలు ఈ వయసు తల్లులను ఎక్కువగా పట్టుకుంటాయి. కార్డు మీద 19 పడిందా, నర్సమ్మకు ఆమె మామూలు గర్భిణి.

ఒకటీ అరా ఇళ్ల గొడవ కాదిది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో 12.6 శాతం మంది తల్లులో గర్భిణులో అయిపోయారు. దేశం మొత్తానికి అది 6.8. అంతకు ముందు సర్వేలో మనది 11.8. తగ్గలేదు, పెరిగింది!

ఎందుకు దాస్తారంటే కేసు భయం. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం కింద, 18 నిండని పిల్ల గర్భంతో వస్తే డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి. పెళ్లయినా భార్య వయసు 18 లోపు అయితే ఆమెతో కాపురం అత్యాచారమేనని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ చట్టం ఉండాల్సిందే. తాళి కట్టినవాణ్ని, కట్టించిన పెద్దలను వదలమని నేననను. కానీ భయానికి ఆసుపత్రి గడప తొక్కకుండా ఆగిపోయేది వాళ్లు కాదు, ఆ పిల్ల. 2022 సెప్టెంబరు 29న అదే కోర్టు, గర్భం తీయించుకోవడానికి వచ్చిన మైనరూ, ఆమె సంరక్షకులూ కోరితే ఆమె పేరు పోలీసులకు చెప్పనక్కర్లేదంది. మరి బిడ్డను మోస్తున్న పిల్లకు ఆ రక్షణ ఏది?

సర్కారూ తక్కువ తినలేదు. 2010లో గర్భిణుల కోసం తెచ్చిన ఇందిరాగాంధీ మాతృత్వ సహయోగ్ యోజన డబ్బు 19 నిండినవాళ్లకే ఇచ్చింది. అందరికన్నా తిండి ఎక్కువ కావలసిన పిల్లను పక్కకు నెట్టేసింది.

2016 నుంచి నెలనెలా 9న సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. ఆ రోజు ఈ పిల్లలకు వేరే గది ఇవ్వండి. అత్తగారిని బయట కూర్చోబెట్టి, జవాబులు పిల్లనే చెప్పనివ్వండి. బీపీ, రక్తం చూసి, 180 ఐరన్ మాత్రలు ఆమె నిజంగా మింగుతోందో లేదో అడగండి. మళ్లీ బడికి పోతావా అని కూడా అడగండి. కాన్పుకు పుట్టిల్లు రాష్ట్ర సరిహద్దు దాటి తమిళనాడులోని గుడియాత్తంలో ఉన్నా, కర్ణాటకలోని ముళబాగిలులో ఉన్నా ఆమె వివరం అక్కడి నర్సుకు ముందే చేరాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, వచ్చే నెల 9నే మొదలుపెట్టవచ్చు.