ఐడియాలు పంచుకుందాం రండి, ప్రశ్నలు మాత్రం తేకండి

ముందే చెప్పేస్తున్నా, ఇది కాస్త కోపంగా రాస్తున్న టపా. సభలంటే పడనివాణ్ణేం కాదు నేను. ఇంజనీరింగ్ రోజుల నుంచీ ఎక్కడ సెమినార్ అంటే అక్కడికి పోయి వెనక వరసలో కూర్చునే రకాన్ని. అందుకే ఈ కోపం.

విషయం ఏంటంటే, ఈ మధ్య బెంజ్ సర్కిల్ దగ్గర్లో ఒక ఏసీ హాల్లో మన ప్రాంతపు ఆవిష్కర్తలు, సృజనశీలురు తమ ఆలోచనలు పంచుకునే సభ ఒకటి జరిగింది. పేరు చెప్పను. నా గొడవ ఆ ఒక్క సభతో కాదు, ఆ అచ్చులో పోసినట్టు జరిగే సభలన్నిటితోనూ. మీరూ చూసే ఉంటారు. గుండ్రటి ఎర్ర తివాచీ, చెంపకి అతుక్కున్న మైకు, వెనక ఇంత పెద్ద తెర, మనందరి మెడల్లో ట్యాగులు. మాట్లాడినవాళ్ళలో మా పెదనాన్న కూడా ఉన్నాడు.

పెదనాన్నకి ఆటోనగర్లో చిన్న లేత్ షాపు. లారీ పనులే ఎక్కువ. కానీ ఊళ్ళో మూడెకరాలుంది కాబట్టి బుర్ర సగం పొలంలోనే ఉంటుంది. డెల్టాలో వరి కోశాక దున్నకుండానే మొక్కజొన్న వేస్తారు కదా, జీరో టిల్లేజ్ అంటారు. తాడు లాగి, కర్రతో బొక్కలు పొడుచుకుంటూ, గింజలు వేసుకుంటూ వెళ్ళాలి. నడుములు పడిపోతాయి. ఈయన తుక్కు ఇనుముతో ఒక చక్రం చేశాడు. దాని చుట్టూ ఇనుప మొనలు. తోసుకుంటూ పోతే సమానమైన ఎడంలో బొక్కలు పడిపోతాయి. ఇలాంటివి వేరే ఊళ్ళల్లోనూ చేసుకున్నవాళ్ళు ఉన్నారు, ఈయనే మొదటివాడని నేననట్లేదు. ఈయన చక్రానికి ఒక జబ్బుంది. నేల పదును ఎక్కువైతే మొనల మధ్య నల్లమట్టి పట్టేసి, ఇరవై అడుగులు పోయేసరికి అది చక్రం కాదు, మట్టిముద్ద.

సభవాళ్ళు వచ్చి అడిగితే పెదనాన్న ఎందుకు ఒప్పుకున్నాడో తెలుసా? "నాలుగొందల మంది చదువుకున్నోళ్ళు వస్తారంటరా అబ్బాయ్. ఆ మట్టి సంగతి అడుగుదాం. ఎవరో ఒకరికి తెలియకపోద్దా" అన్నాడు. ఆయన తన ఆలోచన పంచడానికి మాత్రమే కాదు, ఎదుటివాళ్ళ ఆలోచన తెచ్చుకోడానికి కూడా ఒప్పుకున్నాడు.

సభకి ముందు మూడుసార్లు రిహార్సల్ పెట్టారు. మొదటిసారి చక్రం వ్యాసం, మొన పొడవు, బొక్కల ఎడం తీసేశారు. "సార్, జనానికి బోర్ కొడుతుంది." రెండోసారి మట్టి సంగతి తీసేశారు. "సార్, నెగటివ్‌గా ముగించకూడదు." మూడోసారి వాళ్ళే ఒకటి కలిపారు, చిన్నప్పుడు చదువు ఆగిపోయిన రోజు ఎలా అనిపించిందో చెప్పమని. పన్నెండు నిమిషాల ప్రసంగంలో యంత్రం వాటా మూడు నిమిషాలు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నా పక్కనున్నావిడ కళ్ళు తుడుచుకుంది. నేను చెయ్యెత్తాను, మైకు ఇమ్మని. వాలంటీర్ కుర్రాడు పరుగున వచ్చి చెవిలో "సార్, క్యూ అండ్ ఏ లేదు సార్, ఫార్మాట్ అంతే" అన్నాడు.

ఈ ఫార్మాట్ అనే మాట దగ్గరే నా పేచీ. టెడ్ అనేది 1984లో అమెరికాలో మొదలైంది. 2009 నుంచి ఆ సంస్థ దగ్గర లైసెన్సు తీసుకుని ఏ ఊరివాళ్ళైనా టెడ్‌ఎక్స్ పేరుతో సొంతంగా జరుపుకోవచ్చు. ఒక్కో ప్రసంగం 18 నిమిషాలు దాటకూడదు, వక్తకి డబ్బులివ్వరు. బాగానే ఉంది. వీడియో తీసి ప్రపంచమంతా చూడ్డానికి ఆ పద్ధతి పనికొస్తుంది. కానీ లైసెన్సు లేనివాళ్ళు, ఆ పేరే వాడనివాళ్ళు కూడా ఆ తివాచీని, ఆ మైకుని, ఆ మౌనాన్ని ఎందుకు కాపీ కొడుతున్నారు? హాలు నిండా మనుషులుండగా వాళ్ళ నోళ్ళు మూయించి, మనిషిని వీడియోలా చూపించడం ఎందుకు? దానికి యూట్యూబ్ ఉంది కదా, పార్కింగ్ గొడవ కూడా ఉండదు :)

"మనకి ఇలాంటి సభలు కొత్త బాబూ, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాం" అంటారేమో. బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుని ఊళ్ళోకి పొండి, విక్టోరియా జూబ్లీ మ్యూజియం వస్తుంది, ఇప్పుడు బాపు మ్యూజియం అంటున్నారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. మన కృష్ణా జిల్లా మనిషి పింగళి వెంకయ్య గాంధీకి జెండా నమూనా ఇచ్చింది ఆ సందర్భంలోనే. ఇంతవరకూ అందరికీ తెలుసు, బళ్ళో చెప్తారు. అది ఎలా జరిగిందో మాత్రం చెప్పరు.

వెంకయ్య అప్పటికి బందరు జాతీయ కళాశాలలో ఉన్నారు. 1916లోనే రకరకాల జెండాల నమూనాలతో ఒక పుస్తకం వేశారు. ఏళ్ళ తరబడి ప్రతి కాంగ్రెస్ సభలోనూ ఆ విషయం ఎత్తుతూనే ఉన్నారు. గాంధీ 1921 ఏప్రిల్‌లో యంగ్ ఇండియాలో దీని గురించి రాస్తూ, వెంకయ్య పట్టుదల మెచ్చుకుంటూనే, ఆ నమూనాలేవీ తనని కదిలించలేదని మొహమాటం లేకుండా చెప్పారు. జెండాలో రాట్నం ఉండాలన్నది జలంధర్ మనిషి లాలా హంసరాజ్ సూచన. దాంతో ఎరుపు, ఆకుపచ్చల మీద రాట్నం పెట్టి గీసివ్వమని గాంధీ బెజవాడలో వెంకయ్యని అడిగారు. మూడు గంటల్లో వెంకయ్య గీసిచ్చారు. అది కమిటీ ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైపోయింది. ఆలస్యమైనందుకు సంతోషించానని రాశారు గాంధీ. ఎందుకంటే ఆ వ్యవధిలో ఆలోచిస్తే మిగతా మతాలవాళ్ళకి చోటు లేదని తట్టి, తెలుపు చేర్చారు. 1931లో మళ్ళీ మార్చారు. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించేనాటికి రాట్నం పోయి అశోక చక్రం వచ్చింది.

ఇప్పుడు ఆలోచించండి. అదే వెంకయ్య గారిని ఇవాళ్టి హాల్లో ఎర్ర తివాచీ మీద నిలబెడితే? "ఒక సామాన్యుడి జెండా కల" అని పన్నెండు నిమిషాలు, నిలబడి చప్పట్లు, ఒక మెమెంటో, ఒక శాలువా. "మీ నమూనా నాకు నచ్చలేదండీ" అనే మనిషి ఉండడు. "రాట్నం పెట్టి చూడండి" అనే మనిషికి మైకు దొరకదు. తెలుపు రంగు వచ్చేదే కాదు.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకైతే ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. 1991 ఆగస్టులో లైనస్ టోర్వాల్డ్స్ తన ఆపరేటింగ్ సిస్టమ్ గురించి మొదటిసారి నలుగురికీ చెప్పినప్పుడు, ఇది సరదాకి చేస్తున్నాను, మినిక్స్‌లో మీకేం నచ్చింది, ఏం నచ్చలేదు అని అడిగాడు. లినక్స్ ఒక ప్రశ్నతో మొదలైంది. మనం రోజూ రాసే కోడ్ ఇంకొకడు చూసి తప్పులు పట్టకుండా బయటికి వెళ్ళదు. మరి అదే మనం శనివారం ట్యాగు వేసుకుని కూర్చుంటే, లేత్ షాపు మనిషి యంత్రానికి చప్పట్లు మాత్రం చాలనుకుంటాం. అది గౌరవం కాదండీ. ఆయన్ని ఇంజనీరుగా లెక్కెయ్యకపోవడం. ఇంజనీరైతే లెక్కలడుగుతాం. కథలోని మనిషైతే కన్నీళ్ళడుగుతాం.

స్ఫూర్తి వద్దా అంటారు. వద్దని ఎవరన్నారు? చింతకింది మల్లేశం సంగతి చూడండి. చీరకి ఆసు పోయడానికి వాళ్ళమ్మ చెయ్యి వేలసార్లు ఆడించడం చూడలేక 1992లో యంత్రం మొదలుపెట్టి, 1999కి గానీ పూర్తి చెయ్యలేకపోయాడు. 2017లో పద్మశ్రీ, 2019లో సినిమా వచ్చాయి, సంతోషం. కానీ ఆ ఏడేళ్ళలో ఆయనకి కావలసింది చప్పట్లా? చివర్లో ఒక్క కదలిక కుదరక ఆగిపోతే, హైదరాబాదులో పనికి వెళ్ళినచోట వేరే యంత్రం ఎలా కదులుతోందో చూశాక తోవ దొరికింది. ఇంకో పనివాడి యంత్రం కళ్ళబడటమే ఆయనకి అందిన సాయం.

అలాంటి సాయం పద్ధతిగా చేసేవాళ్ళూ ఉన్నారు. అనిల్ గుప్తా హనీబీ నెట్‌వర్క్, మన దగ్గర బ్రిగేడియర్ గణేశం గారి పల్లె సృజన. వాళ్ళు ఆవిష్కర్తని హాలుకి పిలవడంతో సరిపెట్టరు. శోధయాత్ర అని పల్లెలమ్మట నడుచుకుంటూ వాళ్ళ దగ్గరికే పోతారు. అనిల్ గుప్తా 2009లో మైసూరులో జరిగిన టెడ్ ఇండియా వేదిక మీదా మాట్లాడాడు. అంటే వేదికకీ నడకకీ శత్రుత్వం లేదు. నడక మానేసి వేదిక ఒక్కటే ఉంచుకుంటేనే చిక్కు.

టైం ఉండదు, జనం పిచ్చి ప్రశ్నలు అడుగుతారు అనేది ఇంకో వాదన. అడుగుతారు, నిజమే. ఒకాయన ప్రశ్న పేరుతో ఉపన్యాసం మొదలుపెడతాడు, అదీ నిజమే. పది మంది వక్తల్ని ఆరుగురు చెయ్యండి. ఒక్కొక్కరికీ పావుగంట ప్రశ్నలకి వదలండి. యంత్రం ఉంటే ఫొటో కాదు, యంత్రాన్నే తెచ్చి వరండాలో పెట్టండి, పక్కన కొలతల కాగితం ఉంచండి. నాకు కుదరనిది ఇదీ అని చెప్పుకునే హక్కు వక్తకివ్వండి. హాల్లో నాలుగు కుర్చీలు ఆటోనగర్ మేస్త్రీలకి, నాలుగు రైతులకి టిక్కెట్టు లేకుండా పెట్టండి. దీనికి స్పాన్సర్ కూడా అక్కర్లేదు.

పెదనాన్న మట్టి సంగతి ఏమైందంటారా? సభ అయిన వారానికి షాపు ముందు టీ తాగుతూ, పక్క షెడ్డు వెల్డరుకి ఆ చక్రం చూపించాడు. అతను రెండు నిమిషాలు తిప్పి చూసి, "మొనల వరసల మధ్యకి వచ్చేట్టు ఓ గీకుడు రేకు కట్టు బాబాయ్, మట్టి అదే రాలిపోద్ది" అన్నాడు. కట్టారు. పూర్తిగా కాదుగానీ చాలావరకు రాలుతోంది. రేకు వంగిపోతోందని ఇప్పుడు కొత్త గోల, దాని మీద వాళ్ళిద్దరూ రోజూ వాదించుకుంటున్నారు.

సభలో ఇచ్చిన అద్దాల మెమెంటో షాపులో గ్రీజు డబ్బాల పక్కనుంది. వచ్చే ఏడాది మళ్ళీ పిలిస్తే వెళ్తావా అని అడిగా. "ఆ వెల్డర్ని కూడా రానిస్తారేమో కనుక్కో" అన్నాడు. అదే ఆ నిర్వాహకుల్ని నేనూ అడుగుతున్నా. రానిస్తారా?