సూర్యుడు తరగడు, జలాశయం తరుగుతుంది

కృష్ణా-గోదావరి బేసిన్‌లోని డీ6 క్షేత్రం నుంచి 2009 ఏప్రిల్‌లో సహజవాయువు రావడం మొదలైనప్పుడు, ఇక కరెంటు కష్టాలు గట్టెక్కినట్టేనని తెలుగునాట చాలామంది నమ్మారు. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందని అంచనా వేశారు. మరుసటి ఏడాది 6 కోట్లకు చేరింది కూడా. ఆ భరోసాతోనే గోదావరి, కృష్ణా జిల్లాల్లో గ్యాస్ విద్యుత్కేంద్రాలు లేచాయి, ఉన్నవి విస్తరించాయి. నాలుగేళ్లు తిరిగేసరికి ఉత్పత్తి అంచనాలో ఐదో వంతు కూడా లేదు. నేల పొరల తీరే అంతని క్షేత్రాన్ని నడిపే కంపెనీ, ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం వాదులాడుకుంటుండగానే టర్బైన్లు ఆగిపోయాయి. 2015 నాటికి దేశంలో 14,305 మెగావాట్ల గ్యాస్ కేంద్రాలకు దేశీయ గ్యాస్ అందడం లేదు. వాటిలో పెద్ద వాటా మన దగ్గరిదే. డీ6లో తొలుత గ్యాస్ ఇచ్చిన భాగాలను 2020 ఫిబ్రవరిలో మూసేశారు. తమాషా ఏమిటంటే, అదే ఏడాది డిసెంబరులో అక్కడే ఇంకాస్త లోతు సముద్రంలో కొత్త గ్యాస్ మొదలైంది. అంటే భూమిలో గ్యాస్ అయిపోలేదు. రోజుకు ఎంత వస్తుందన్న లెక్క తప్పింది. అప్పు చేసి కట్టిన కేంద్రాలు మాత్రం ఆ లెక్క మీదే నిలబడి ఉన్నాయి.

ఇంధన వనరులను బడి పుస్తకాలు మూడుగా విడదీస్తాయి. బొగ్గు, చమురు, గ్యాస్, యురేనియం వాడితే తరిగిపోయేవి. కట్టెలు, పంట వ్యర్థాలు, నది నీళ్లు మళ్లీ పుట్టేవి. ఎండ, గాలి, అలలు ఎంత వాడినా తరగనివి. ఈ విభజనలో తప్పు లేదు. సూర్యుడికి ఇంకా 500 కోట్ల ఏళ్ల ఆయుష్షుంది, గోదావరి లోయలో బొగ్గు పొరలు ఏర్పడి పాతిక కోట్ల ఏళ్లు దాటింది. కాకపోతే వనరు పుట్టుక ఒకటి, అది మన మోటారు దాకా వచ్చే దారి ఒకటి. ప్రణాళికలు వేసేవాళ్లు మొదటిదాన్ని చూసి రెండోదానికి కూడా అదే ధ్రువపత్రం ఇచ్చేస్తున్నారు. మన ఇంధన విధానంలోని చిక్కుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

సింగరేణినే తీసుకోండి. ఇల్లందు దగ్గర 1871లో భూగర్భ సర్వే శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు జాడ కనిపెట్టాడు, 1889లో వాణిజ్యపరంగా తవ్వకం మొదలైంది. ఇన్నేళ్ల తర్వాత కూడా సంస్థ ఏటా 7 కోట్ల టన్నుల దాకా తీస్తోంది. బొగ్గు ఒక రోజు ఠక్కున అయిపోదు. చవగ్గా దొరికే బొగ్గు ముందు అయిపోతుంది. భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడి, ఇప్పుడు వచ్చేదాంట్లో అత్యధిక భాగం ఓపెన్‌కాస్టులదే. 1990ల తొలినాళ్లలో లక్ష దాటిన కార్మికుల సంఖ్య 40 వేల దరిదాపుల్లోకి వచ్చింది. గుంత లోతయ్యేకొద్దీ పైనున్న మట్టి ఎక్కువ తియ్యాలి, ఎక్కువ డీజిల్ కాల్చాలి, ఊళ్లను కదిలించాలి. తరుగుదల మొదట కనిపించేది ఖర్చులో.

రెండో గడిలో ఉన్న జలవిద్యుత్ సంగతి ఇంతకంటే ఆలోచించదగ్గది, దాని గురించి చర్చ కూడా తక్కువే. వాన ఏటా కురుస్తుంది కాబట్టి నీటి కరెంటుకు లోటు ఉండదని అనుకుంటాం. శ్రీశైలం జలాశయం 1984లో 308 టీఎంసీలు పట్టేది. తర్వాతి సర్వేల్లో తేలింది 215 టీఎంసీలు. తుంగభద్రలో 1953లో 132 టీఎంసీల చోటుంటే, 2016 సర్వే నాటికి 105 చిల్లర మిగిలింది. కృష్ణమ్మ కొత్త నీళ్లు తెస్తూనే ఉంది, వాటితోపాటే ఎగువ చేల పైమట్టినీ తెచ్చి జలాశయం అడుగున పేరుస్తోంది. నీరు పునరుత్పాదకమే, నీటిని నిలిపే చోటు కాదు. మళ్లీ అలాంటి లోయ, అలాంటి రాతి గట్టు దొరకవు. పూడిక పెరిగితే వరద రోజుల్లో నీళ్లు గేట్ల మీదుగా పోతాయి, వేసవి సాయంత్రం టర్బైన్ తిప్పడానికి మిగలవు. కొత్త ప్రాజెక్టుకు శంకుస్థాపన ఉంటుంది, పూడికను అరికట్టేందుకు ఎగువన చెక్‌డ్యాంలు కట్టడానికి, చెట్లు పెంచడానికి శంకుస్థాపన ఉండదు. అందుకే ఆ పని వెనకబడింది కాబోలు.

ఆ నీళ్ల మీద కరెంటుకు పోటీదారులూ ఉన్నారు. 2021 వేసవి చివర్లో తెలంగాణ శ్రీశైలం ఎడమగట్టు కేంద్రాన్ని నడిపితే, సాగుకు, తాగుకు ఉంచాల్సిన నీళ్లు పోతున్నాయని ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం చెప్పింది. ప్రాజెక్టుల దగ్గర ఇరువైపులా పోలీసులు మోహరించారు. కాగితం మీద మళ్లీ మళ్లీ పుట్టే వనరుకు కాపలా పెట్టాల్సి వచ్చింది.

మళ్లీ పుట్టేవాటన్నిటికీ వేగమే ప్రాణం. ఇసుకలో తీసిన చెలమ లాంటివి ఇవి, ఊరినంత తోడితే నీళ్లుంటాయి, ఆత్రపడితే బురదే మిగులుతుంది. పల్నాడు, అనంతపురం ప్రాంతాల్లో బొగ్గుబట్టీలకు పోయే సర్కారు తుమ్మ కొట్టినకొద్దీ చిగురిస్తుంది. నల్లమలలో కొట్టిన చెట్టు అంత త్వరగా రాదు. రెండూ కట్టెలే. భూమి లోపలి వేడి కూడా అంతే. అమెరికాలోని కాలిఫోర్నియాలో ‘ది గీజర్స్’ అనే భూతాప విద్యుత్ క్షేత్రంలో 1980ల చివర ఆవిరి ఒత్తిడి పడిపోయింది. పక్క పట్టణాల శుద్ధి చేసిన మురుగునీటిని భూమిలోకి పంపితే గానీ కుదుటపడలేదు. మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి 20 కిలోవాట్ల చిన్న భూతాప కేంద్రాన్ని ప్రయోగంగా పెట్టింది. దాన్ని పెంచే ఆలోచన ఉంటే ఈ అనుభవం ముందే తెలిసి ఉండటం మంచిది.

ఇప్పుడు అందరి చూపూ ఎండ మీదే. కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల పరిధిలో దాదాపు 6 వేల ఎకరాల్లో 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. అది మంచి పనే, సందేహం లేదు. అయితే వెయ్యి మెగావాట్ల సోలార్ అంటే ఏడాది మొత్తం మీద సగటున 200 మెగావాట్ల చిల్లరే. అదీ పగలే. ఇళ్లలో దీపాలు, ఏసీలు వేసుకునే వేళకు పార్కు నిద్రపోతుంది. రాయలసీమ గాలిమరలు నైరుతి నెలల్లో జోరుగా తిరిగి, తర్వాత నెమ్మదిస్తాయి. దేశంలో స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదేనని 2025 జూన్ నాటి లెక్కలు చెప్పాయి. నిజమే. అయినా 2024-25లో తయారైన కరెంటులో 70 శాతానికి పైగా బొగ్గు నుంచే వచ్చింది. సంబరాలు మెగావాట్లలో జరుగుతాయి, బిల్లులు యూనిట్లలో వస్తాయి.

పగటి ఎండను సాయంత్రానికి దాచాలంటే మనకున్న పెద్ద సాధనం నీళ్లను పైకి తోడి వదలడం. శ్రీశైలం ఎడమగట్టులో ఒక్కోటి 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి, అన్నీ వెనక్కి తోడగలిగేవే. పిన్నాపురంలో ఇదే పనికి కొత్త జలాశయాలు కట్టారు. అంటే తరగని ఎండ కూడా చివరికి తరిగే చోటునే ఆశ్రయించాలి.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది సోలార్ పంపుసెట్టు. 2019లో వచ్చిన కేంద్ర పథకంతో రాయితీ మీద ఇవి వస్తున్నాయి. డీజిల్ ఖర్చుండదు, రాత్రి పూట చేనికి పోయి పాముకాటుకు గురయ్యే భయం ఉండదు. రైతుకు ఎంతో మేలు. కానీ ఎండకు బిల్లు లేదు, పొద్దంతా మోటారు ఆడుతుంది, ఖాళీ అయ్యేది బోరు. ఉచిత కరెంటు వచ్చాక సీమలో బోర్లు ఎంత లోతుకు పోయాయో చూసిన ప్రాంతం మనది. ఆ పథకంలోనే మిగిలిన కరెంటును డిస్కంకు అమ్ముకునే వీలున్న భాగం ఒకటుంది. ఎండిపోతున్న మండలాల్లో ముందుగా దాన్నే అమలు చేయాలి, రైతుకు గిట్టుబాటయ్యే ధర ఇవ్వాలి. నీళ్లు తోడడం కంటే కరెంటు అమ్మడమే లాభమైన రోజున మోటారు దానంతటదే ఆగుతుంది. జలాశయాల విషయంలోనూ ఇలాంటి పని ఒకటుంది. పూడిక సర్వే ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు కాకుండా గడువు పెట్టి చేయించి, ఆ అంకెను ఏటా విద్యుత్ నియంత్రణ మండలి ముందు డిస్కంలు పెట్టే జలవిద్యుత్ అంచనాకు జతచేయాలి. చార్జీలు పెంచమని అడిగే కాగితంలోనే, నిరుటికీ ఇప్పటికీ జలాశయంలో ఎంత చోటు తగ్గిందో జనానికి తెలియాలి.