పరుపు కింద గాలి ఆడనివ్వండి

బ్రిటన్‌లో ఫోల్డింగ్ క్యాంపర్లు కొన్నవారికి, పంచుకుంటున్నవారికి, అద్దెకిచ్చేవారికి, తీసుకునేవారికి విజ్ఞప్తి



ఈస్టర్ సెలవులు మొదలుకొని అక్టోబర్ దాకా మన కుటుంబాలు కారు వెనక ఫోల్డింగ్ క్యాంపర్ తగిలించుకుని లేక్ డిస్ట్రిక్ట్‌కీ, వేల్స్ కొండలకీ, స్కాట్లాండ్‌కీ బయల్దేరుతున్నాయి. కారవాన్ కన్నా చవక, ఇంటి ముందు చోటు తక్కువ పడుతుంది, టెంటులోలా నేల మీద పడుకోనక్కర్లేదు. బాగానే ఉంది. కానీ రెండో రోజు పొద్దున పరుపు ఎత్తి చూసేవాళ్లు ఎందరు? ఒకసారి ఎత్తి చూడండి. ప్లైవుడ్ మీద వరసగా నీటి బొట్లు. పరుపు అడుగు గుడ్డ చేతికి చల్లగా, తడిగా తగులుతుంది. పాత బండి అయితే ఆ గుడ్డ మీద ఆవగింజలంత నల్ల మచ్చలు, చెక్కకు కొట్టిన పిన్నుల తలల మీద తుప్పు.

అది చూడగానే కొందరు పైగుడ్డ కారుతోందనుకుని వాటర్‌ప్రూఫింగ్ మందు డబ్బాలు కొనుక్కొస్తారు. కొందరు పక్క తడిపాడని పిల్లాణ్ణి కేకలేస్తారు. పాపం, వాడేం చేశాడు! ఆ నీళ్లలో ఇంటిల్లిపాది వాటా ఉంది.

నిద్రలో మనిషి ఊపిరితోనూ ఒంటి నుంచీ గంటకు సుమారు 40 గ్రాముల నీటిని ఆవిరిగా వదులుతాడు. నలుగురు 8 గంటలు పడుకుంటే లీటరు పైమాటే. క్యాంపర్‌లో పక్కలు బండికి రెండు వైపులా బయటికి లాగి ఉంటాయి కాబట్టి చెక్క కింద ఉండేది ఉత్త చలిగాలి. లోపల 18 డిగ్రీల వేడి, గాలిలో 70 శాతం తేమ ఉందనుకోండి. సుమారు 12 డిగ్రీలకన్నా చల్లగా ఉన్నదేది తగిలినా ఆ ఆవిరి నీరైపోతుంది. మే నెలలో కూడా కొండల్లో రాత్రి 5, 6 డిగ్రీలకు దిగడం మామూలే. మన ఒంటి వేడి ఫోమ్ పైభాగం దగ్గరే ఆగిపోతుంది, ఆవిరి మాత్రం ఫోమ్‌లోంచి దిగి చల్లటి చెక్కను పట్టుకుంటుంది. అన్నం గిన్నె మూత లోపల నీళ్లు పట్టడం లాంటిదే ఇదీ.

దీనికి మనవాళ్లు చేసే వైద్యం రోగాన్ని పెంచేదే. మొదట పరుపు కింద ప్లాస్టిక్ పట్టా పరుస్తారు. దాంతో చెక్క మిగులుతుందేమో గానీ, ఆ నీళ్లన్నీ పరుపే తాగుతుంది. తర్వాత చలి వేస్తోందని గాలి కన్నాలకు గుడ్డలు కుక్కుతారు. అదీ చాలక లోపల గ్యాస్ వెలిగిస్తారు. కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. పొగ గొట్టం బయటికి లేని హీటరైతే అదంతా మన నెత్తినే. ఆ ఆవిరి సంగతి అలా ఉంచండి, మూసిన గుడారంలో మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తడిసిన పరుపును ఆరబెట్టుకోవచ్చు, పోయిన ప్రాణాన్ని తెచ్చుకోలేం. కన్నాలు మూయకండి. సాంబారు, ఇడ్లీలు బయట గాలికి వండుకోండి.

కావలసింది పరుపుకీ చెక్కకీ మధ్య సెంటీమీటరో రెండో సందు, అంతే. పడవల్లో పడుకునేవాళ్లకు ఇది పాత బాధే కాబట్టి పడవ సామాన్ల దుకాణాల్లో పరుపు కింద వేసే జాలీ మ్యాట్లు దొరుకుతాయి. రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు పరుపులూ ఉన్నాయి. కోనసీమ వాళ్లకు పీచు సంగతి మేం చెప్పాలా! వడ్రంగి చేత చెక్క పట్టీల మంచం చేయించుకుంటే ఇంకా మంచిదే గానీ, కొలత చూసుకోండి. బండి మడిచినప్పుడు పై మూత పడాలి కదా. ప్లైవుడ్‌కు రంధ్రాలు వేయడం మాకు అంతగా నచ్చదు, చెక్క బలం తగ్గుతుంది. చెక్క అడుగున, బయటివైపు, ఫోమ్ షీటు అంటిస్తే చలి కొంత ఆగుతుంది. ఏది వేసినా దుప్పటి అంచులు చుట్టూ గట్టిగా దోపేస్తే గాలికి దారి ఉండదు, పెట్టిన డబ్బు దండగ.

ఇక రెండు మూడు కుటుంబాలు కలిసి ఒకే క్యాంపర్ కొనుక్కున్నచోట అసలు గొడవ. ఆదివారం మధ్యాహ్నం హడావుడిగా మడిచి గ్యారేజీలో తోసేస్తారు. మూడు వారాల తర్వాత ఇంకొకరు విప్పితే గుప్పున ముక్క వాసన. బూజుకు ఒకటి రెండు రోజుల తడి చాలు. వాన కురుస్తుంటే తడిగానే మడవక తప్పదు, కాదనం. ఇంటికి చేరిన మర్నాటికల్లా విప్పి ఆరబెట్టాలి, పరుపులు ఇంట్లో నిలబెట్టాలి. ఎవరు మడిస్తే వాళ్లే ఆరబెట్టాలని ముందే రాసుకోండి. స్నేహాలు కూడా నిలుస్తాయి.

బూజు ఉత్త వాసనతో పోదు. 2020లో రోచ్‌డేల్‌లో ఒక రెండేళ్ల బాబు ఇంట్లోని బూజు వల్లే చనిపోయాడని విచారణలో తేలింది. ఆ బాబు పేరుతో వచ్చిన చట్టం ఇంగ్లండ్ సోషల్ హౌసింగ్ ఇళ్లలో 2025 అక్టోబర్ నుంచి అమలవుతోంది. ఏళ్ల తరబడి కాపురమున్న ఇంటికీ రెండు రాత్రుల క్యాంపర్‌కూ పోలిక లేదు. భయపెట్టడం మా ఉద్దేశం కాదు. ఉబ్బసం ఉన్న పిల్లలకు మాత్రం ఆ రెండు రాత్రులూ ఎక్కువే.

అద్దెకిచ్చే యజమానులారా, ప్రతి పక్క కిందా జాలీ వేయించండి, ఉతకడానికి వీలుగా జిప్పు ఉన్న కవర్లు తొడిగించండి. తెలుగు సంఘాలవారూ, క్యాంపింగ్‌కు తీసుకెళ్లే ముందు ఇచ్చే సామాన్ల జాబితాలో జాలీ మ్యాటును కూడా చేర్చండి. అద్దెకు తీసుకునేవాళ్లు డబ్బు కట్టకముందే "పరుపు కింద ఏం వేశారండీ?" అని అడగండి. ఉత్త చెక్కేనని చెబితే ఇంకో బండి చూసుకోండి.