‘ఇంట్లోనే ఉండా’ అంటే పని లేనట్టా?

జనాభా లెక్కలవారు వచ్చి “ఏం పని చేస్తావమ్మా?” అని అడిగితే మన పల్లెల్లో ఆడవారు సాధారణంగా చెప్పే జవాబు ఒకటే: “యాడ పని సార్, ఇంట్లోనే ఉండా.” ఆ మాట అన్న మనిషి తెల్లవారకముందే లేచి, పాలు పిండి డెయిరీకి పోసి వచ్చి ఉంటుంది. పలమనేరు, కుప్పం వైపు అయితే పట్టుపురుగులకు ఆకు వేసి ఉంటుంది. వెంకటగిరిలో అయితే మగ్గానికి కండెలు చుట్టి ఉంటుంది. ఆమె అబద్ధం చెప్పలేదు. కూలి డబ్బు చేతికి వస్తేనే పని అని ఊరంతా అనుకుంటున్నది, ఆమే అనుకున్నది. లోపం ప్రశ్నలో ఉంది.

ఇందుకు పాత జనాభా లెక్కలే సాక్ష్యం. 1961లో సేద్యం, పాడి వంటి పనులు సీజనులో ఎక్కువ కాలం రోజుకు గంటకు మించి చేసినవారందరినీ పనివారిగా రాసుకున్నారు. దేశంలో ఆడవారిలో నూటికి దాదాపు 28 మంది పనివారని తేలింది. 1971లో “ముఖ్యమైన పని ఏది?” అని అడిగారు. ఇంటిపని అని చెప్పినవారు చేలో ఎంత చాకిరీ చేసినా పనిలేనివారి పద్దులో పడ్డారు. సంఖ్య సుమారు సగానికి పడిపోయింది. ఆ పదేళ్ళలో ఆడవారు కలుపు తీయడం మానుకోలేదు గదా! 1981లో “ఏడాదిలో ఎప్పుడైనా పనిచేశారా?” అని మార్చారు. 1991లో సొంత పొలంలో, ఇంటి వృత్తిలో కూలి లేకుండా చేసే పని కూడా లెక్కేనని ప్రశ్నలోనే రాశారు. సంఖ్య మళ్ళీ 22 దాటింది.

ఇది కాగితాల గొడవేనని కొట్టివేయరాదు. లెక్కకు రాని పని పథకాలు వేసేవారి కంటికి ఆనదు. రుణం, శిక్షణ ఎవరికి కావాలో తేల్చేటప్పుడు ఆడవారి పేరు వెనక్కు పోతుంది.

2021లో జరగవలసిన జనగణన ఆగిపోయింది. 2027 మార్చి 1వ తేదీ ప్రాతిపదికగా జరుపుతామని కేంద్రం 2025 జూన్‌లో ప్రకటించింది. లెక్కలు రాసేవారు అరుగు మీది మగవారిని అడిగి వెళ్ళిపోకుండా ఆడవారినే అడగాలి. ఆవు పాలు పిండేదెవరు, చెనక్కాయలు ఒలిచేదెవరు, చింతపండు కొట్టేదెవరు అని ఒక్కొక్క పనీ పేరుపెట్టి అడగాలి. ఆ మేరకు వారికి ముందే శిక్షణ ఇవ్వాలి. ఆడవారు కూడా “ఇంట్లోనే ఉండా” అని ఊరుకోకుండా చేసే పనులన్నీ చెప్పి రాయించుకోవాలి.